మహారాజశ్రీ రక్షణ బడ్జెట్ గారికి

మహారాజశ్రీ రక్షణ బడ్జెట్ గారికి, పన్ను కట్టే ఒక మనిషి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మా కుశలం ఎలా ఉన్నా, మీ కుశలం మాత్రం ఏటా అంకెలతో సహా తెలుస్తూనే ఉంది. 2024లో ప్రపంచమంతా కలిసి మీ మీద పెట్టిన ఖర్చు 2.7 లక్షల కోట్ల డాలర్లు దాటిందని దేశాల సైనిక ఖర్చులు లెక్కగట్టే స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ తేల్చింది. అంతకు ముందటి ఏడాది కంటే 9.4 శాతం ఎక్కువ. మీరు ఒళ్లు చేయడం వరుసగా అది పదో ఏడు. ఉయ్యాల్లో పిల్లలను కూడా కలుపుకుంటే తలకు 334 డాలర్లు పడింది. ఆ పసివాళ్లకు శత్రువులెవరో ఇంకా తెలియదు, పాపం. చందా మాత్రం వాళ్ల పేరున రాసేశారు.

మీ ఉద్యోగం మీద నాకు కోపం లేదని ముందే చెబుతున్నాను. 1990 ఆగస్టులో కువైట్‌కు చమురుంది, డబ్బుంది. పొరుగింటి ఇరాక్ రెండు రోజుల్లో దేశం మొత్తం ఆక్రమించింది. ఇంటినిండా సొమ్ముండి తలుపుకు గట్టి గడియ లేకపోతే జరిగేది అదే. కాపలా కావాలి, కూలి ఇవ్వాలి. నా తగువంతా మీరు కూలి అడిగే తీరుతోనే.

దేశం ప్రశాంతంగా ఉంటే "చూశారా, అంతా నా చలవే" అంటారు, పెంచమంటారు. యుద్ధం వస్తే "చూశారా, నాకు తక్కువిచ్చారు" అంటారు, ఇంకా పెంచమంటారు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. జరగని యుద్ధానికి రసీదు ఉండదు కనుక మిమ్మల్ని కాదనే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. మా ఇంట్లో ఎవరైనా ఇలా జీతం అడిగితే నవ్వి ఊరుకునేవాళ్లం.

అంతటితో ఆగినా బాగుండేది. కాపలాదారు వేషం చాలదన్నట్టు ఉపాధిదాత వేషం కూడా కడతారు. ఎఫ్-35 యుద్ధవిమానం విడిభాగాలు అమెరికాలో నలభైకి పైగా రాష్ట్రాల్లో తయారవుతాయి. విమానం ఎగరడానికి అన్ని రాష్ట్రాలు అక్కర్లేదు, దాని బిల్లు నెగ్గడానికి కావాలి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఒక చిన్న ప్రశ్న వేశారు: అదే డబ్బు చదువుల మీద పెడితే ఎన్ని ఉద్యోగాలు వస్తాయని. మీరిచ్చే వాటికి రెట్టింపు కంటే ఎక్కువని తేలింది. ఒక లారీ తయారుచేస్తే మర్నాటి నుంచి సరుకు మోస్తుంది. ఒక ట్యాంకు తయారుచేస్తే షెడ్డులో నిలబడి నూనె తాగుతుంది. ఒక్కసారి కూడా వాడే అవసరం రాకుండా తుప్పు పట్టిపోవడమే దానికి పట్టగల మహాభాగ్యం.

రెండో ప్రపంచ యుద్ధం నిరుద్యోగాన్ని పోగొట్టలేదా అని మీ వకీళ్లు అడుగుతారు. పోగొట్టింది. అమెరికాలో 1940లో 14 శాతం దాటి ఉన్న నిరుద్యోగం 1944కల్లా ఒక శాతం చిల్లరకు దిగింది. అయితే 1942 ఫిబ్రవరి నుంచి అక్కడ మామూలు జనానికి కార్ల తయారీ ఆపేశారు, అదే ఏడాది పంచదారకు రేషన్ పెట్టారు. చేతినిండా జీతం, కొనబోతే కారు లేదు. ఈ రెండో సగం మీ కరపత్రాల్లో ఎప్పుడూ అచ్చు కాదు.

ఒక్క మెచ్చుకోలు బాకీ ఉన్నాను. ఇంటర్నెట్‌కు పునాది వేసిన అర్పానెట్ 1969లో మీ సొమ్ముతోనే మొదలైంది. దారి తప్పినప్పుడల్లా నన్ను ఇంటికి చేర్చే జీపీఎస్ మీ బిడ్డే. వీటిని నేరుగా చేయించుకుంటే ఇంకా చవకగా వచ్చేవని వాదించబోయాను. కానీ ఫలితం ఎప్పుడొస్తుందో తెలియని పని మీద ఏళ్ల తరబడి డబ్బు పోసే ఓపిక, భయం లేనిదే ఏ ప్రభుత్వానికీ వచ్చినట్టు లేదు. అది మీ గొప్పా, మా సిగ్గా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

ఇక కప్పు సంగతి. అమెరికా వైమానిక దళం సరుకు విమానాల్లో కాఫీ వేడిచేసుకునే లోహపు కప్పు ఒకటుంది. కింద పడితే ముందు పిడి విరుగుతుంది. పిడి విడిగా దొరకదు కనుక కప్పంతా మార్చాల్సిందే. 2018లో దాని ధర 1,280 డాలర్లు. వైమానిక దళం కుర్రాళ్లే త్రీడీ ప్రింటర్ మీద కొత్త పిడి చేసి చూస్తే, అయిన ఖర్చు 50 సెంట్లు. ఆ కుర్రాళ్లకు దండం పెడుతున్నాను. అదే ఏడాది అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ తన చరిత్రలో మొదటిసారి పూర్తి ఆడిట్‌కు కూర్చుంది. అప్పటి నుంచి 2024 దాకా వరుసగా ఏడుసార్లు తప్పింది. ఏడుసార్లు తప్పిన పిల్లవాడికి మేమైతే పుస్తకాల డబ్బు ఆపుతాం. మీకు పెంచారు.

ఆ పెంచే డబ్బు ఆకాశం నుంచి రాలదు కదా. మిమ్మల్ని మేపడానికి బ్రిటన్ 2025లో పేద దేశాలకిచ్చే సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3 శాతానికి తగ్గిస్తామంది. అదే ఏడాది జర్మనీ తన అప్పుల పరిమితికి కొత్త సవరణ చేసింది. జీడీపీలో ఒక శాతం దాటాక మీకోసం చేసే అప్పు ఆ పరిమితి లెక్కలోకి రాదట. అదే వెసులుబాటు నా ఇంటి అప్పుకూ ఇప్పిస్తే మీకు రుణపడి ఉంటాను.

కాబట్టి విన్నపం చిన్నది. కాపలా కూలి అడగండి, ఏ దొంగకో, ఎంత గడియో చెప్పి అడగండి, ఇస్తాం. ఉద్యోగాలు, విజ్ఞానం, అభివృద్ధి అంటూ మా పిల్లల పళ్లెంలోంచి తీసి మాకే వడ్డించకండి.

ఇట్లు,
తలకు 334 డాలర్ల వాడు

తా.క.: మీ ధరలు ఇలాగే పెరిగితే 2054 నాటికి అమెరికా రక్షణ బడ్జెట్ మొత్తానికి ఒకే ఒక్క విమానం వస్తుందని విమాన పరిశ్రమ పెద్ద నార్మన్ అగస్టీన్ వెనకటికి ఎగతాళిగా లెక్కగట్టాడు. వారంలో మూడున్నర రోజులు వైమానిక దళానికి, మూడున్నర రోజులు నౌకాదళానికి, లీపు సంవత్సరంలో మిగిలే రోజు మెరైన్లనే మరో సైనిక దళానికి. 2054 లీపు సంవత్సరం కాదు, చూశాను. 2056 ఫిబ్రవరి 29న మెరైన్లతో పాటు డబ్బు కట్టినవాళ్లను కూడా కాసేపు కిటికీ పక్కన కూర్చోనిస్తే సంతోషిస్తాం. కాఫీ మేమే తెచ్చుకుంటాం, మా కప్పులోనే.