బెండు చూసేదెవరు?

2020 జూన్. స్కూళ్లు మూతపడి మూడు నెలలు దాటింది. ఒక రాత్రి మంచినీళ్లకని లేస్తే మా పెద్దాడి గదిలో వెలుగు కనిపించింది. వాడికప్పుడు పదకొండేళ్లు. దొరికాడులే అనుకుంటూ తలుపు తీశాను. వాడు ముసుగుతన్ని నిద్రపోతున్నాడు. కంప్యూటరు మాత్రం ఆడుకుంటోంది. తెర మీద మైన్‌క్రాఫ్ట్‌లో ఓ చిన్న నీళ్ల గుంట, అందులోకి గాలం పడుతోంది, లేస్తోంది, మళ్లీ పడుతోంది. మౌస్ చూస్తే కుడి బటన్ మీద ఒక చింతపిక్క, దాని మీదుగా బిగించిన రబ్బరు బ్యాండు. రబ్బరు బ్యాండు ఇండియన్ స్టోర్ కొత్తిమీర కట్టది. చింతపిక్క మా అత్తయ్యగారు వామనగుంటల కోసం ఊరి నుంచి మూటగట్టి తెచ్చినవాటిలోది.

నేను పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. మనిషి నొక్కాల్సిన బటన్లన్నీ మిషను చేత నొక్కించి జీతం తీసుకుంటున్నాను. అయినా ఆ రాత్రి నాకు ముందొచ్చింది కోపమే.

పొద్దున్నే పంచాయితీ పెట్టాను. వాడికి మెండింగ్ పుస్తకం కావాలట. మైన్‌క్రాఫ్ట్‌లో గునపం, కత్తి, ఏదైనా వాడే కొద్దీ అరిగిపోతాయి. మెండింగ్ మంత్రం వేసుకుంటే అరిగింది అరిగినట్టే బాగవుతుంది. ఆ పుస్తకం దొరికే దారుల్లో గాలం ఒకటి. మామూలు గాలానికి నూటికి ఐదుసార్లే నిధి తగులుతుంది, ఆ నిధి పుస్తకం కావాలి, ఆ పుస్తకం మీద మెండింగే ఉండాలి. వేసిన ప్రతిసారీ బెండు మునగడానికి ఐదు నుంచి ముప్పై సెకన్లు. పిల్లలు ఆ నీళ్ల చుట్టూ తలుపులూ తీగలూ అమర్చి, కుడి బటన్ నొక్కి పట్టుకుంటే చాలు గాలం దానంతటదే తిరిగేలా ఏర్పాటు చేసుకునేవారు. దాన్నే ఏఎఫ్‌కే ఫామ్ అంటారు, కీబోర్డు దగ్గర మనిషి లేడని.

మా మావయ్యగారు పక్కనే కాఫీ తాగుతూ అంతా విన్నారు. జనవరిలో విజిటర్ వీసా మీద వచ్చి, విమానాలాగిపోయి, మాతో పాటే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో చిక్కుకుపోయారు. పాలకొల్లు దగ్గర కాలువ గట్టున గాలాలేసుకుంటూ పెరిగిన మనిషి. "మరి చేపలు పట్టేదెవర్రా? నువ్వా, రబ్బరు బ్యాండా?" అన్నారు. వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు.

పంచాయితీ తేలకముందే, ఆ ఆట తయారుచేసే మోజాంగ్ వాళ్లు తీర్పిచ్చేశారు. జూన్ 23న 1.16 అప్‌డేట్ దిగింది. లోకమంతా దాన్ని నెదర్ అప్‌డేట్ అని పండగ చేసుకుంది, కొత్త అడవులనీ, పందిమొహాల జాతి అనీ. ఆ హడావిడి చాటున గాలానికి ఒక చిన్న నియమం వచ్చి కూర్చుంది. బెండు చుట్టూ ఐదు గడుల పొడవు, ఐదు గడుల వెడల్పు, నాలుగు గడుల ఎత్తు మేర నీళ్లూ, వాటి మీద ఖాళీ గాలీ తప్ప అడ్డేమీ లేకుంటేనే నిధి తగులుతుంది. తలుపుల మధ్య ఇరుక్కున్న గుంటలో ఇక చేపలూ చెత్తే. తెల్లారి లేచి చూసుకుంటే మావాడి పెట్టెలో కాడ్ చేపలు, పాత తోలు బూట్లు.

వాడు ఏడవలేదు. మూడు రోజులు భోజనాల దగ్గర తప్ప కనబడలేదు. నాలుగో రోజు నన్ను పిలిచి చూపించాడు.

మైన్‌క్రాఫ్ట్‌లో చెవి సరిగా వినబడనివాళ్ల కోసం శబ్దాలను అక్షరాల్లో చూపించే సదుపాయం ఉంది. చేప ఎర కొరకగానే తెర కింది మూల "ఫిషింగ్ బాబర్ స్ప్లాషెస్" అని పడుతుంది. మావాడు ఆటోహాట్‌కీతో ఒక మాక్రో రాశాడు. ఆటోహాట్‌కీ అంటే 2003 నుంచీ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. ఏ మీట ఎప్పుడు నొక్కాలో నాలుగు ముక్కల్లో రాసిపెడితే అది నొక్కుతుంది. ఆ మూల తెల్లటి చుక్కలు కనబడేదాకా ఆగు, కనబడగానే కుడి బటన్ నొక్కు, ఒక్క క్షణం ఆగి మళ్లీ నొక్కు. అంతే. ఈసారి గాలం విశాలమైన చెరువులో, కొత్త నియమానికి సరిగ్గా సరిపోయేలా పడుతోంది. నాకు నవ్వాగలేదు. వెబ్ పేజీలని పరీక్షించే సెలీనియంలో మేం రాసేదీ ఇదేగా: ఫలానా బటన్ పేజీలో కనబడేదాకా ఆగు, కనబడితే నొక్కు. మా టీములో కొత్తగా చేరినవాళ్లకి ఆ "కనబడేదాకా ఆగు" అన్నది నేర్పడానికే నాకు నెల పడుతుంది. వాళ్లు కళ్లు మూసుకుని ఐదు సెకన్లు ఆగమని రాసేసి, నెట్ నెమ్మదిస్తే టెస్టు పడిపోయిందని నా దగ్గరికొస్తారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. అప్‌డేట్‌కీ మాక్రోకీ మధ్య ఎప్పణ్ణించో నడుస్తున్న కథ ఇదే. అంతకుముందు 2016 ఫిబ్రవరి 29న 1.9 వచ్చినప్పుడు కత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య విరామం పెట్టారు. ఎడాపెడా నొక్కితే దెబ్బలో పస ఉండదు. దాంతో సెకనుకి ఇరవైసార్లు నొక్కే ఆటోక్లిక్కర్లు ఒక్కరోజులో పనికిరాకుండా పోయాయి. కొన్నాళ్లకి 0.625 సెకన్లకోసారి తాపీగా నొక్కేవి వచ్చాయి.

ఇదంతా మన తెలుగు సంఘం పాట్‌లక్‌లో ముచ్చటగా చెప్పాను. రెండు పక్షాలు తేలాయి. ఒకాయన "దొంగతనం ఇక్కణ్ణించే మొదలవుతుందమ్మా" అన్నారు. ఇంకొకావిడ "అబ్బో, కోడింగ్! కాలేజీ అప్లికేషన్‌లో రాయించండి" అన్నారు. దొంగతనం అన్నాయన ఇంట్లో, ఆఫీసు ల్యాప్‌టాప్ పక్కన, మౌస్‌ని అటూ ఇటూ కదిపే పరికరం నేను కళ్లారా చూశాను. టీమ్స్‌లో పనిలో ఉన్నట్టు చూపే పచ్చచుక్క ఆరిపోకుండా ఉండాలని పెట్టుకున్నది. గురివింద గింజ సామెత ఎవరో పుణ్యాత్ములు వర్క్ ఫ్రమ్ హోమ్‌ని ముందే ఊహించి కట్టారేమో. 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకి పైగా ఉద్యోగుల్ని తీసేసింది, కీబోర్డు మీద పని జరుగుతున్నట్టు భ్రమ కల్పించారని. ఆ వార్త వచ్చిన వారం మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత నిశ్శబ్దం!

నా మాట వేరు. మాక్రో అంటే ఆట మీద ఆటగాడు రాసిన ఫిర్యాదు. ఫలానా చోట నీ ఆట ఆటలా లేదు, చాకిరీలా ఉంది అని. ఫిర్యాదు చదివే ఓపిక లేని కంపెనీ ఖాతా మూసేస్తుంది. మోజాంగ్ మాత్రం 1.16లో ఎవరి ఖాతా జోలికీ పోలేదు, నీళ్ల లెక్క మార్చి ఊరుకుంది. నిధి కావాలంటే చెరువు కట్టుకో అంది. మా ఇంట్లో పంచాయితీ కన్నా అది మర్యాదైన తీర్పు.

ఇంకో సంగతి గమనించాను. గాలం గొడవ విసుగెత్తి, వాడు కొన్నాళ్లకి గ్రామస్థుల దారి పట్టాడు. ఆటలో లైబ్రేరియన్ అనేవాడు పుస్తకాలమ్ముతాడు. వాడు మెండింగ్ అమ్మకపోతే వాడి ముందున్న బల్ల పగలగొట్టి మళ్లీ పెట్టాలి, బేరం మారుతుంది. నచ్చేదాకా పగలగొట్టడం, పెట్టడం. ఇంతకన్నా విసుగుపని ఉండదు, మాక్రోకి ఇంతకన్నా అనువైనదీ ఉండదు. అయినా మావాడు రెండు సాయంత్రాలు చేత్తోనే చేశాడు, అవతల ఇద్దరు స్నేహితులు హెడ్‌సెట్‌లో కేరింతలు కొడుతుంటే. ప్రతి బేరానికీ ముగ్గురూ పందెం కాసేవారు. దీనికి మాక్రో పెట్టుకోలేదేంరా అంటే, నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "ఇది సరదాగా ఉంది కదమ్మా!"

అప్పుడనిపించింది, పిల్లాడు మాక్రోకి ఏ పని అప్పజెప్పాడన్నది సగం సంగతేనని. ఏది తన చేతిలోనే ఉంచుకున్నాడో అది చూస్తే వాడికి ఆటలో ఏం కావాలో తెలిసిపోతుంది.

ఇంత నమ్మకంగా చెబుతుంటే మా తమ్ముడు ఒప్పుకోలేదు. వాడు ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఆడతాడు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జికి చెందిన జాగెక్స్ కంపెనీది. కొత్త మార్పులు నచ్చని ఆటగాళ్ల పోరు పడలేక, 2007 నాటి ఆటను పాత బ్యాకప్ నుంచి తీసి 2013లో మళ్లీ తెరిచారు. కొత్తగా ఏం చేర్చాలన్నా ఆటగాళ్లు ఓటేయాలి. నూటికి 75 మంది ఒప్పుకుంటేనే వచ్చేది, 2022లో దాన్ని 70కి తగ్గించారు. అందులో చెట్లు కొట్టడమో, చేపలు పట్టడమో, ఏ విద్యలోనైనా 99వ మెట్టు చేరాలంటే 1,30,34,431 పాయింట్లు కావాలి. విచిత్రమేమిటంటే 92వ మెట్టు దగ్గరికొస్తే సగం దారి వచ్చినట్టు. మిగిలిన ఏడు మెట్లకీ అంత చాకిరీ మళ్లీ చెయ్యాలి. పాత రోజుల్లో మధ్యలో హఠాత్తుగా ఎవరో ప్రత్యక్షమై ఏదో అడిగేవాడట. మనిషైతే జవాబిస్తాడు, మాక్రో అయితే చెట్టు కొడుతూనే ఉంటుంది. ఇప్పటికీ వాళ్ల నియమం ఒకసారి నొక్కితే ఒక్క పనే జరగాలని.

"అక్కా, నీ ఫిర్యాదు సిద్ధాంతం మా దగ్గర చెల్లదు" అన్నాడు. "మేం ఓటేసి మరీ తెచ్చుకున్న చాకిరీ ఇది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి మోకాళ్లు పట్టుకుని కూర్చున్నవాళ్ల మధ్యకి ఒకడు కారులో వచ్చి, నేనూ నడిచే వచ్చానంటే ఎలా ఉంటుంది?"

దీనికి నేను తలొంచాను. కారులో రావడం తప్పు కాదు, బోలెడుమంది వస్తారు. నడిచొచ్చానని చెప్పుకోవడం దగ్గరే పేచీ.

2024 వేసవిలో ఆ పేచీ మా ఇంటికే వచ్చింది. పదిహేనేళ్లవాడు కదా, మైన్‌క్రాఫ్ట్ పోయి కౌంటర్-స్ట్రైక్ 2 వచ్చింది. ఆ ఆటలో పరిగెడుతూ కాలిస్తే గుండు గురి తప్పుతుంది. ఎడమకి పోతున్నవాడు ఠక్కున ఆగాలంటే ఎడమకి నడిపే 'ఏ' మీట వదిలి కుడికి నడిపే 'డీ' మీట తట్టాలి, ఆగిన ఆ రెప్పపాటులో కాల్చాలి. ఈ ఒక్క వేలి లాఘవం కోసం ఏళ్ల తరబడి సాధన చేస్తారు. ఆ జూలైలో రేజర్ కంపెనీ స్నాప్ ట్యాప్ అని ఒకటి తెచ్చింది. రెండు మీటలూ కలిపి నొక్కి ఉన్నా, ఆఖరున నొక్కినదాన్నే కీబోర్డు లెక్కలోకి తీసుకుంటుంది. 'ఏ' మీట వదలడంలో ఆలస్యమైనా పర్వాలేదు, కీబోర్డే సర్దుకుంటుంది. వుటింగ్ కీబోర్డుల్లోనూ అలాంటిదే వచ్చింది. ఆగస్టులో ఆ ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ అప్‌డేట్ ఇచ్చింది: తమ అధికారిక సర్వర్లలో ఇలాంటి ఆటోమేషన్ కనబడితే మ్యాచ్‌లోంచి బయటికి పంపేస్తాం అని. దూకుతూ బాంబు విసరడానికి రెండు పనుల్ని ఒకే మీటకి కట్టుకునే పాత అలవాటు కూడా ఆ దెబ్బకి పోయింది.

పుట్టినరోజు డబ్బులన్నీ పోసి అలాంటి కీబోర్డే కొనుక్కున్నాడు మావాడు. "అమ్మా, నేనేం హ్యాక్ చెయ్యలేదు, ఇది కీబోర్డు ఫీచర్!" అని ఒకటే గోల. ఈసారి నేను వాల్వ్ పక్షమే. చెరువులో చేపకి మన వేలు కదిలినా, రబ్బరు బ్యాండు కదిలినా ఒకటే. ఇక్కడ అవతల ఇంకో తల్లి కన్న కొడుకు రెండేళ్లు వేళ్లు అరగదీసుకుని కూర్చున్నాడు. ఆ ఫీచర్ ఆపేసుకుని ఆడమన్నాను. రెండు వారాలు ఓడాడు, నామీద విసుక్కున్నాడు, తర్వాత ఆ ఊసెత్తలేదు.

ఇంకా చిన్నప్పుడే ఒకసారి, నలుగురూ కలిసి ఆడే సర్వరొకటి గాలం మాక్రో పట్టుకుని వాణ్ణి వెలేసింది. అప్పీలు రాసిపెట్టమని నా చుట్టూ తిరిగాడు. నియమాలు చదవమన్నాను. మూడో లైన్లోనే ఉంది, మాక్రోలు నిషేధమని. అప్పీలు మానేసి క్షమాపణ రాసుకున్నాడు. జవాబు రాలేదు.

పిల్లలు ఈ దారిలో ఉన్న తల్లిదండ్రులకి ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ఆటోహాట్‌కీ స్క్రిప్టు మామూలు అక్షరాల్లో ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు "రెడీమేడ్ మాక్రో" అని తెరిచి చదవడానికి వీల్లేని ఈఎక్స్ఈ ఫైలు ఇస్తే లోపల ఏముందో మీకూ తెలియదు, మీ పిల్లాడికీ తెలియదు. సొంతంగా రాసుకున్నదైతేనే సరే అని మా ఇంట్లో రూలు. ఈ రూలు వల్ల మా చిన్నాడు ఇంతవరకూ మాక్రో జోలికే పోలేదు. వాడికి బద్ధకం ఎక్కువ.

మళ్లీ 2020కి వస్తే, మావయ్యగారికి ఆ ఆగస్టులో, కోవిడ్‌లో చిక్కుకున్నవాళ్లని ఇంటికి చేర్చే వందేభారత్ విమానంలో సీట్లు దొరికాయి. బయల్దేరే ముందు రాత్రి సూట్‌కేసులు తూకం వేయడం అయ్యాక ఎక్కడా కనబడలేదు. చూస్తే పెద్దాడి గదిలో, వాడి కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. వాడు పక్కన నిలబడి మౌస్ ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు.

"తాతయ్యా, నువ్వేం చెయ్యక్కర్లేదు. ఎఫ్8 నొక్కితే నా మాక్రో మొదలవుతుంది. అదే లాగేస్తుంది."

"అదే లాగేస్తే నేనెందుక్కూర్చున్నట్టు? ఆపెయ్యి."

వాడు ఆపేశాడు. గాలం పడింది. తెర మీద నీళ్లు, మధ్యలో ఎర్రటి బెండు. పది సెకన్లు, ఇరవై సెకన్లు. వాడికి కాళ్లు ఆడుతున్నాయి. గుమ్మంలో ఉన్న నన్ను చూసి ఏదో చెప్పబోయాడు. మావయ్యగారు తెర మీంచి కళ్లు తిప్పకుండా చెయ్యెత్తారు.

"ఉష్. కదిలింది."