గది చల్లబడితే షెడ్డు వేడెక్కుతోంది

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గోడౌన్లలో ఒకప్పుడు గుమాస్తా చోటు అంటే తలుపు పక్కన ఒక బల్ల, నెత్తి మీద ఒక ఫ్యాను. కాటా వేసిన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాసుకుంటూ, ఘాటుకు తుమ్ముతూ అక్కడే పొద్దు పుచ్చేవాడు. ఇప్పుడు రేకుల షెడ్ల నడుమ గుమాస్తాల కోసం గాజు కిటికీల ఏసీ తెల్లగదులు వెలుస్తున్నాయి. ముక్కలుగా లారీలో వచ్చి, బోల్టులు బిగిస్తే కొద్ది రోజుల్లోనే నిలబడతాయి. ఇటుక మోయనక్కర్లేదు, గోడ తడపనక్కర్లేదు. షెడ్డు ఖాళీ చేసే రోజున విప్పి పట్టుకుపోవచ్చు. అద్దె గోడౌనులో ఇటుకతో కడితే ఆ గది యజమానికి దానం చేసినట్టే. వ్యాపారి ఈ గది వైపు మొగ్గడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఈ గదుల గోడ గుంటూరుకు కొత్తదేమీ కాదు. రెండు రేకుల మధ్య నురుగు నింపిన పఫ్ ప్యానెల్ ఇక్కడి కోల్డ్ స్టోరేజీల్లో ఎప్పటినుంచో మిర్చి రంగును కాపాడుతోంది. మిర్చికి దక్కిన చల్లదనం గుమాస్తాకు దక్కడానికే ఇంత కాలం పట్టింది.

కాబట్టి గది మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా ఏసీ బయటి యూనిట్ ఎక్కడ పెడుతున్నారన్న దాని మీదే. చాలా చోట్ల దాన్ని గది కప్పు మీదే కూర్చోబెడుతున్నారు. అంటే గదికి బయట, షెడ్డుకు లోపల. ఒక టన్ను ఏసీ గదిలోంచి దాదాపు మూడున్నర కిలోవాట్ల వేడిని తోడుతుంది. అది తినే కరెంటు మరో కిలోవాటు ఉంటుంది, అదీ వేడిగానే బయటికి వస్తుంది. మొత్తం నాలుగున్నర కిలోవాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు నాలుగైదు రోజంతా వెలిగించి షెడ్డులో వదిలేసినట్టు లెక్క. ఎండ 45 డిగ్రీలు తాకే మే నెలలో, పైనుంచి రేకు సెగ దిగుతుండగా, బస్తాలెత్తే ముఠా కూలీల మీద ఈ వేడి అదనంగా పడుతోంది. లోపలి నలుగురి చల్లదనానికి బయటి నలభై మంది చెమటతో వడ్డీ కడుతున్నారు.

ఇందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు, రాగి గొట్టం వెల చూస్తే చాలు. ఏసీతో మామూలుగా మూడు మీటర్ల గొట్టమే వస్తుంది, ఆపైన మీటరు లెక్కన డబ్బు. వ్యాపారికేమో నాలుగు వైపులా సరుకు కనపడాలి, అందుకని గది షెడ్డు మధ్యలో పెట్టిస్తాడు. అక్కడినుంచి బయటి గోడ ఎక్కడో ఉంటుంది. గదిని బయటి గోడకు ఆనించి వేస్తే ఈ చిక్కే లేదు. చూపు కోసం ఇప్పుడు కెమెరాలున్నాయి కదా.

గది కొలతల సంగతీ ఒకసారి చూడాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మనిషికి 14.2 ఘనపు మీటర్ల చోటు కావాలని రాసింది. 4.2 మీటర్ల ఎత్తు దాటిన ఖాళీని లెక్కలోకి తీసుకోవద్దనీ చెప్పింది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు గదిలో ఉండేది 27 ఘనపు మీటర్ల చిల్లర. ఇద్దరికి కూడా కాస్త తక్కువే, మనం నలుగురిని కూర్చోబెడతాం. గోడౌన్లన్నీ ఫ్యాక్టరీలు కాకపోవచ్చు గానీ ఊపిరి ఎక్కడైనా ఒకటే. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది. తలుపు తీసినప్పుడల్లా దూరిన మిర్చి దుమ్మూ ఆ గాలితోనే తిరుగుతుంది.

ఈ గదిని మేడలా ఎత్తు మీద కట్టించుకునేవాళ్లూ ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తీరు చూశాక కంప్యూటర్లు, లెక్కల పుస్తకాలు పైన ఉండాలనుకోవడం సబబే. అయితే షెడ్డులోని వేడి గాలి చేరేదీ ఆ పైకే. ఏసీకి పని పెరుగుతుంది, అది షెడ్డులోకి వదిలే సెగా పెరుగుతుంది.

ధర తగ్గిందని సంబరపడే ముందు ప్యానెల్ లోపల ఏముందో అడగాలి. థర్మాకోల్ చవక, నిప్పు తగిలితే కరిగి మండుతుంది. పఫ్ మండితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) మండదు, కాస్త ఖరీదు, బరువు. చుట్టూ గోనెసంచులు, ఎండుమిరప ఉన్న చోట ఒకే తలుపున్న గదికి రాక్‌వూల్ తప్ప మరోటి నేనైతే ఒప్పుకోను. రెండో తలుపు కూడా అడుగుతాను.

ఇంకొక్క లెక్క. తెల్లగది గోడ ఒకటి ఎలాగూ లేచింది. దానికి ఆనించి మరో మూడు గోడలు, ఒక కప్పు, ఒక తలుపు, నీళ్ల కుండ, రెండు ఫ్యాన్లు. లోడు దిగాక ముఠావాళ్లు ఓ పావుగంట కూర్చోవడానికి అంతకన్నా పెద్ద సరంజామా అక్కర్లేదు. అవే బోల్టులు, అదే లారీ, అదే బిగింపు కూలి.