మా తమ్ముడు ఎత్తుకెళ్లే మూట కాదు

రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. చేతులింకా వణుకుతున్నాయి, టైపింగులో తప్పులుంటే సర్దుకుని చదవండి.

నాన్న పోయాక పొలం పంపకాల దస్తావేజు రాయించుకున్నాం. వాటాదారులందరూ వెళ్లి సంతకం పెట్టాలి, ఫోటో దిగాలి, వేలిముద్ర వేయాలి. తమ్ముడు వీల్‌చైర్‌లో ఉంటాడు. ఆఫీసేమో పై అంతస్తులో, లిఫ్టు లేదు. కింద అరుగు దగ్గర ర్యాంపు ఉంది. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. రెండున్నర అడుగుల అరుగుకి 30 అడుగులు కావాలి, వీళ్లు కట్టింది ఆరడుగులు. దాని మీదా రెండు బైకులు.

ఆ వేలిముద్ర మిషన్ కాస్త కిందకి తెప్పించమని అక్కడి అధికారిని అడిగాను. ‘నలుగురు మగాళ్లు వచ్చారు కదమ్మా, కుర్చీతో సహా ఎత్తుకొచ్చేయండి, ఐదు నిమిషాల పని’ అన్నాడాయన. తమ్ముడు విన్నాడు. ‘వద్దక్కా, ఇంటికెళ్దాం’ అన్నాడు. వచ్చేశాం.

ఒంట్లో బాగోలేక ఆఫీసుకు రాలేని మనిషి ఉంటే అధికారే అతని ఇంటికి వెళ్లాలి, లేదా మనిషిని పంపాలి. ఇది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే, 38వ సెక్షన్‌లో ఉంది. మేం ఇంటికి రమ్మనలేదు. మెట్లు దిగి రమ్మన్నాం, అంతే!

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ రూల్స్ వచ్చిన ఐదేళ్లలో అందరూ వెళ్లగలిగేలా మారాలి. 2017 జూన్‌లో రూల్స్ వచ్చాయి కాబట్టి గడువు 2022లోనే అయిపోయింది. పైగా ఆ రూల్స్ రాసినవాళ్లు చేసిన పని చూడండి. చట్టం ‘చేసి తీరాలి’ అంటే, 15వ రూలు దాన్ని ‘వీలుంటే చేయండి’ స్థాయికి దించేసింది. చూపులేని రాజీవ్ రతూరి ఇలాంటి దారుల కోసమే 2005లో కోర్టుకెక్కితే, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ రూలు చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తెమ్మంది. ఈ కేసులో కోర్టు ముందున్న నివేదిక రాసింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే. ఇంత జరిగాక కూడా మాకు దొరికిన జవాబు ‘ఎత్తుకురండి’.

ఇలా మాట్లాడితే చుట్టాల్లోనే ఎవరో ఒకరు ‘పింఛను ఇస్తున్నారు కదా’ అంటారు. పింఛను ఇస్తే మెట్లెక్కగలడా? వైకల్యం ఉందని తేల్చే సదరం సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరిగామో వాళ్లకేం తెలుసు.

నాకు అసలు మంట ఇవాళ్టిది కాదు. వాడి పదో తరగతి పరీక్షలప్పటిది. హాల్ టికెట్ నంబరు రెండో అంతస్తులో పడింది. కింద గదులు ఖాళీగానే ఉన్నాయి. ‘నంబర్లు మార్చడం కుదరదు’ అన్నారు. అప్పటికే 1995 చట్టం ఉంది, మాకెవరూ చెప్పలేదు. పరీక్ష ఉన్న ప్రతిరోజూ నాన్న వాణ్ణి వీపున మోసుకుని ఎక్కారు, దించారు. తోటి పిల్లలు పక్కకి జరిగి దారిచ్చేవాళ్లు. పైకి చేరేసరికి వాడి చొక్కా నాన్న చెమటతో తడిసిపోయేది, ఆ తడి చొక్కాతోనే పరీక్ష రాసేవాడు. ఆ ఎండాకాలం పట్టేసిన నాన్న నడుము మళ్లీ నిలవలేదు. ఇన్నేళ్లయ్యాక, ఆ నాన్న పొలం కోసం వెళ్తే, మళ్లీ అదే మాట.

సాయం చేయమని మేం ఎవర్నీ అడగట్లేదు. దారి ఏర్పాటు చేయడం ఆ ఆఫీసు డ్యూటీ. 2016 చట్టాన్ని మీరితే మొదటిసారి 10 వేల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్ చెబుతోంది. ఈసారి వదలను.

తమ్ముడు లోపల కలెక్టరుకి అర్జీ టైపు చేస్తున్నాడు. ‘దయచేసి’ అని పెట్టాలా అక్కా అని అడిగాడు. తీసెయ్యమన్నాను.