కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీల మీద తిరుగుతున్న మెసేజ్ సగం నిజమే, చిక్కంతా అక్కడ్నే

మా నల్లగొండ చుట్టాల గ్రూపుల వారం సంది ఒకటే మెసేజ్. "గుండెపోటుకు కారణం కొలెస్ట్రాల్ కాదు, రక్తనాళాల వాపు. స్టాటిన్లు పనిచేసేది గూడ వాపు తగ్గించే. ఆ పని పసుపునీళ్లు చేస్తయి, గోలీలు బంద్ చేయండి." మిర్యాలగూడల మా పెద్దనాయనకు స్టెంట్ పడి రెండేండ్లు, ఇది చదివి నాలుగు రోజులు గోలీ వేస్కోలే. అందుకే రాస్తున్న.

కొలెస్ట్రాల్ కారణం కాదట. మరి వాపు ఊకెనే వస్తదా? ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ నాళం గోడలకు దూరి అక్కడ చెడిపోతది, దాన్ని మింగనీకి తెల్లకణాలు వస్తయి, మింగి మింగి ఆడనే పేరుకపోతయి, వాపు ఎక్కువైతది. గడ్డివాము లేంది మంట దేనికి అంటుకుంటది? ఎల్‌డీఎల్ తగ్గించే పీసీఎస్‌కే9 ఇంజక్షన్ సంగతి చూడుండ్రి, 2017ల 27,564 మంది మీద చేసిన ఫోరియర్ ట్రయల్‌ల ఎల్‌డీఎల్ 59 శాతం పడ్డది, రక్తపరీక్షల వాపు చూపించే సీఆర్‌పీ మాత్రం కదల్లే, అయినా గుండెపోట్లు తగ్గినయి.

స్టాటిన్ వాపు తగ్గిస్తదన్నది మాత్రం నిజం, దాన్ని కాదంటలే. 2008 జూపిటర్ ట్రయల్‌ల ఎల్‌డీఎల్ 130 లోపే ఉండి సీఆర్‌పీ ఎక్కువున్న 17,802 మందిల సగం మందికి రోసువాస్టాటిన్ ఇచ్చిండ్రు, గుండెపోటు, పక్షవాతం లాంటివి 44 శాతం తక్కువైనయి. కానీ ఎల్‌డీఎల్, సీఆర్‌పీ రెండూ పడ్డయి గదా, ఏది ఎంత పనిచేసిందో ఎట్ల తెలుస్తది? అది తేల్చనీకి 2017ల కాంటోస్ అనే ట్రయల్ చేసిండ్రు, ఎల్‌డీఎల్ జోలికి పోకుండ వాపు ఒక్కటే తగ్గించే కెనకినుమాబ్ మందు ఇస్తే 150 మిల్లీగ్రాముల డోసుకు ముప్పు 15 శాతం తగ్గింది. మెసేజ్ రాసినాయన ఎగ్గొట్టిన ముచ్చట ఇదే: అండ్ల ఉన్నోళ్లు దాదాపు అందరు అప్పటికే స్టాటిన్ వాడుతున్నోళ్లు! వాపు మందు దాని మీదికెళ్లి ఇచ్చిండ్రు గాని దాని బదులు కాదు.

ఇగ పసుపు. వాపు తగ్గించేదల్లా గుండెకు పనిచేయదు. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌తోని 2018ల చూస్తే లాభం సున్న. పసుపు గుండెపోట్లు ఆపుతదని ఇట్లాంటి పెద్ద ట్రయల్ ఏదీ చూపియ్యలే. "స్టాటిన్ అంటే కెమికల్" అని ఇంకో లైను, అది మొదాలు జపాన్ సైంటిస్ట్ అకిరా ఎండో 1970లల్ల బూజుల్నుంచి తీసిందే.

పెద్దనాయనకు ఫోన్ల ఇదంత చెప్పిన. "అయితే నాకు సీఆర్‌పీ టెస్ట్ చేయించాల్నారా?" అంటడు. డాక్టర్‌ని అడుగు అన్న. గోలీ మళ్ల వేస్కుంటుండు, పసుపు పాలు గూడ బంద్ చేయలే.