ఏముందో చెప్పుకో నాన్నా

మొన్న నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి మాకో పుట్టినరోజు పిలుపు వచ్చింది. పిల్లాడికి నాలుగేళ్లు నిండుతున్నాయి. వాట్సాప్ కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఒక విన్నపం: ‘దయచేసి కొన్న బొమ్మలు తేవద్దు. మీ చేతులతో చేసిన సెన్సరీ గెస్సింగ్ గేమ్ మాత్రమే తీసుకురండి.’

అదేం జబ్బో నాకు అర్థం కాలేదు. మా ఆవిడ వివరించింది. పిల్లాడు చూడకుండా పెట్టెలో చెయ్యి పెట్టి, తడిమి, అదేమిటో చెప్పాలి. సీసా వాసన చూసి చెప్పాలి. డబ్బా ఊపి, చప్పుడు విని చెప్పాలి. మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరమ్మ పెట్టిన చదువు పద్ధతట. కరెంటు పోయిన వంటింట్లో మా అమ్మ రోజూ చేసింది ఇదేనని నాకప్పటిదాకా తెలియదు. మేం వీరీ వీరీ గుమ్మడిపండు ఆడుకునేప్పుడు, కళ్లు మూసి ఉన్నా, ఉల్లిపాయ వాసనను బట్టే ఎదురుగా ఉన్నది పెద్దక్కో చిన్నక్కో తెలిసిపోయేది. దానికి పద్ధతి అని పేరు పెట్టుకోలేదు, మా తెలివితక్కువ.

ఆదివారమంతా మా ఇంట్లో కుటీర పరిశ్రమ నడిచింది. చెప్పుల డబ్బాకి రెండు బెజ్జాలు పెట్టి, నా మంచి చొక్కా చేతులు కత్తిరించి వాటికి కుట్టారు. లోపల మొలగొలుకుల బియ్యం మూట, చింతగింజలు, మైపాడు గవ్వలు, మార్కాపురం పలక ముక్క, వెంకటగిరి చీర జరీ అంచు. అగ్గిపెట్టెల్లో పెసలు, కందులు, ఆవాలు, ఒక్కోటీ రెండేసి, చప్పుడు విని జత కలపాలట. మాత్రల సీసాల్లో ఇంగువ, కర్పూరం, సాంబ్రాణి, ఎండు రొయ్యలు. చివరిది నా పట్టుదల. నెల్లూరు బిడ్డకి ముక్కు పనిచేస్తుందో లేదో తేల్చాలంటే అంతకు మించిన పరీక్ష లేదు.

ఫంక్షన్‌కి ఇలాంటివి తొమ్మిది పెట్టెలు వచ్చాయి. పిల్లాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, ముందు చేతులకి శానిటైజర్ రాశారు. కళ్లకి గంత కట్టారు. తల్లి ఫోను పట్టుకుంది.

‘ఏముందో చెప్పుకో నాన్నా!’

వాడు చెయ్యి పెట్టి ‘స్లైమ్’ అన్నాడు. గవ్వలు. మళ్లీ పెట్టి ‘ఛార్జర్’ అన్నాడు. చింతగింజలు. మూడోసారికి పలక ముక్క పట్టుకుని ‘ఫోన్!’ అని ఎగిరాడు. రొయ్యల సీసా మూత తీయగానే, సందేహం లేకుండా, ‘బాత్రూమ్’ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అయితే వీడియో సరిగా రాలేదు, లైటు వెనకుంది. ‘మళ్లీ పెట్టు నాన్నా, ఈసారి కొంచెం ఆశ్చర్యపోవాలి.’ వాడు మళ్లీ ఆశ్చర్యపోయాడు. మూడో టేకులో జవాబులన్నీ నోటికొచ్చేశాయి. గంత కింది నుంచి చూస్తూ, పెట్టెలో చెయ్యి పెట్టకముందే ‘రైస్!’ అనేశాడు. అదీ జ్ఞానేంద్రియాల వికాసం.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. కానీ పైకి వెళ్లేముందు, గేటు దగ్గర నేను చూసిందొకటుంది. పక్క ప్లాటులో ఇల్లు కడుతున్నారు, పెన్నా ఇసుక కుప్పగా పోసి ఉంది. వాచ్‌మన్ కూతురు, వీడి ఈడుదే, తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుకగూడు కడుతోంది. వీడు కొత్త బట్టలతో పోయి గూట్లోకి చెయ్యి దూర్చాడు. అవతలి నుంచి ఆ పిల్లా దూర్చింది. లోపల వేళ్లకి వేళ్లు తగిలినట్టున్నాయి, ఇద్దరూ కిలకిలా నవ్వారు. అంతలో తల్లి పరుగున వచ్చి వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. ‘ఛీ! ఏం ముట్టుకుంటున్నావ్, ఎవరితో ఆడుతున్నావ్!’

‘ఏం’ అంటే ఇన్ఫెక్షన్ భయం, సరే. ఆ ‘ఎవరితో’ ఏంటమ్మా? ఎవరిని ముట్టుకోకూడదో ఈ దేశంలో పెట్టెలూ సీసాలూ లేకుండానే తరతరాలుగా నేర్పుకున్నాం, ఆ పాఠం వీడికి నాలుగేళ్లకే కావాలా? మాంటిస్సోరి పేరు ఏ నోటితో తలుస్తున్నారు? 1907లో రోమ్‌లో ఆవిడ తొలి బడి తెరిచింది శాన్ లొరెంజో అనే పేదల వాడలో, తల్లీతండ్రీ పనికిపోతే చూసే దిక్కులేని పిల్లల కోసం. 1939లో మన పక్కనే మద్రాసు అడయారుకి వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చింది కూడా. మీ ఇంటి ముందు ఆవిడకి మొదట కనిపించేది ఆ ఇసుకలో పిల్లే. ఆ పిల్లకి కేకు ముక్క పేపరు ప్లేటులో గేటు దగ్గరికే వెళ్లింది. ఆ చెంపదెబ్బ పడ్డప్పుడు నేనూ ఏమీ అనలేదు. పెట్టె చంకలో పెట్టుకుని లిఫ్టెక్కాను.

భోజనాలయ్యాక పెట్టెలన్నీ ఓ మూల పడి ఉన్నాయి. పక్కన కుర్చీలో పిల్లాడి ముత్తవ్వ, రెండు కళ్లకీ శుక్లాలు. మా పెట్టె ఒళ్లోకి లాక్కుని చెయ్యి దూర్చింది. ‘మొలగొలుకులు. పాతవి, బాగుండాయి. కిలో ఎంతకు తెచ్చినావు అబ్బయ్యా?’ జరీ అంచు తడిమి, ‘వెంకటగిరి కోక. ఎవురు కోసినారు, చేతులు పడిపోను!’ మా ఆవిడ దూరంగా జరిగింది. ఇంగువ సీసా వాసన చూసి, ఘాటు పోయింది పారెయ్యమంది. ఎండు రొయ్యల సీసా దగ్గర కాసేపు ఆగింది. తర్వాత అటూ ఇటూ తల తిప్పి, దాన్ని మెల్లిగా బొడ్లో దోపుకుంది.

దాన్ని మాత్రం ఎవరూ వీడియో తీయలేదు.