సున్నా పాయింట్ రెండు మహిమ

9.6కీ 9.8కీ మధ్య 9.7 లేదు. ఈ సంగతి తెలియని అమాయకులు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే ముందు వాళ్లకి చెప్పాలి. పాత కామిక్ పుస్తకాల్ని పరీక్షించి, మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేసే గ్రేడింగ్ కంపెనీల మార్కులు 0.5 దగ్గర మొదలై 10 దాకా వెళ్తాయి, మొత్తం 25 మెట్లు. 9.9 ఉంది, 9.8 ఉంది, అక్కడ కాలు జారితే నేరుగా 9.6లో పడాల్సిందే. 9.5 లేదు, 9.3 లేదు. కానీ అట్టడుగున, చిరిగి, నలిగి, మరకలు పడి, ఎవరో పిల్లాడు పేరు కూడా రాసేసుకున్న పుస్తకాల దగ్గర మాత్రం 1.8 అని ఒక మెట్టు కట్టారు. 2.0 ఇవ్వడానికి మనసొప్పదు, 1.5 ఇస్తే మరీ అన్యాయం, అందుకని 1.8. ఇంత సున్నితమైన న్యాయబుద్ధి ఉన్నవాళ్లని శంకించడం పాపం. కాబట్టి నేను శంకించడం లేదు, ఊరికే అడుగుతున్నానంతే.

తెలిసినాయన ఒకరు ఒకే పుస్తకాన్ని ఒకే కంపెనీకి రెండుసార్లు పంపారు. మొదటిసారి 9.6 వచ్చింది. ఆయన ఆ ప్లాస్టిక్ డబ్బా పగలగొట్టి పుస్తకం బయటికి తీశారు, దాన్ని తుడవలేదు, నొక్కలేదు, ఏమీ చేయలేదు, కొన్నాళ్లు ఊరుకుని కొత్తగా పంపుతున్నట్టు మళ్లీ పంపారు. 9.8 వచ్చింది. ఆయన ఎగిరి గంతేశారు, వేయరా మరి, ఆ సున్నా పాయింట్ రెండుతో ధర రెట్టింపు అయ్యే పుస్తకాలు బోలెడున్నాయి. నేనే ఓర్వలేక, మరి మొదటి మార్కు తప్పా, రెండోది తప్పా అని అడిగాను. రెండూ కరెక్టేనట. గ్రేడింగ్ అనేది నిపుణుల అభిప్రాయం, అభిప్రాయాలు మారుతుంటాయట. బావుంది. అమ్మేటప్పుడు లేబుల్ మీద అచ్చేసిన తీర్పు, నిలదీసినప్పుడు అభిప్రాయం. ఈ వెసులుబాటు జడ్జీలకి లేదు, డాక్టర్లకి లేదు, ఆఖరికి జ్యోతిష్కులకి కూడా ఇంత బాహాటంగా లేదు.

అప్పట్నుంచీ ఆ గదిలో ఏం జరుగుతుందో ఊహించుకోవడం నాకొక వ్యసనమైపోయింది. కంపెనీలు చెప్పే పద్ధతి గొప్పగానే ఉంటుంది: పుస్తకం ఎవరిదో గ్రేడర్లకి తెలియదు, ఒకరికి మించి చూస్తారు, పేజీలు లెక్కపెడతారు, ఎక్కడైనా రంగు పూశారా, అంచులు కత్తిరించారా అని వెతుకుతారు, చివర్లో ఒక పెద్దాయన ఖరారు చేస్తారు. సరే, ఖరారు చేసే పూట ఊహించుకుందాం.

బల్ల మీద దీపం. దీపం కింద పుస్తకం. పుస్తకం వెన్ను మీద, పిన్నుకి కొంచెం పైన, వెంట్రుకలో సగం ఉండే ఒక గీత.

"గీత ఉందండీ," అంటాడు మొదటి గ్రేడరు.

"గీత కాదండీ, వెలుతురు," అంటాడు రెండో ఆయన.

పుస్తకాన్ని అటు తిప్పుతారు. గీత మాయం. ఇటు తిప్పుతారు, ప్రత్యక్షం. రంగు ఊడిందా లేక ఊరికే నొక్కుకుపోయిందా అన్నది ఇప్పుడు ప్రశ్న, ఎందుకంటే రంగు ఊడితే ఒక లెక్క, ఊడకపోతే ఇంకో లెక్క. భూతద్దం తెప్పిస్తారు. భూతద్దంలో గీతతో పాటు అచ్చులో పడిన చుక్కలన్నీ కనిపించి కొత్త అనుమానాలు పుడతాయి. "ఇది ప్రెస్సులోనే వచ్చిన లోపం, పుస్తకం తప్పు కాదు" అని రెండో ఆయన వకాల్తా పుచ్చుకుంటాడు. "ప్రెస్సులో వచ్చినా ఎక్కడొచ్చినా కళ్లకి కనిపిస్తోంది కదా" అని మొదటాయన భీష్మించుకుంటాడు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, కిందటి వారం ఇలాంటి గీతకే మనం ఎంత ఇచ్చాం అని అడుగుతాడు. ఎవరికీ గుర్తుండదు. గుర్తుంటే ఇన్ని బాధలెందుకు.

అప్పుడు కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు, లోకజ్ఞానం లేక, గొంతు సవరించుకుని "అంత ఇబ్బందిగా ఉంటే 9.7 ఇచ్చేయొచ్చు కదండీ" అంటాడు.

గదిలో నిశ్శబ్దం. ఎవరి చేతిలోంచో భూతద్దం జారి పడుతుంది. పెద్దాయన కుర్రాణ్ణి బయటికి తీసుకెళ్లి భుజం మీద చెయ్యి వేసి, బాబూ, 9.7 ఇస్తే ఇక్కడితో అయిపోతుంది, 9.6 ఇస్తే ఆయన మళ్లీ పంపుతాడు అని నెమ్మదిగా బోధిస్తాడు. కుర్రాడికి జ్ఞానోదయం అవుతుంది. లోపలికొచ్చి వాడే 9.6 టైపు చేస్తాడు. టైపు చేసేటప్పుడు కథానాయకుడి పేరు తప్పు పడినా కంగారు లేదు, లేబుల్ తప్పుల్ని సరిదిద్దడానికి విడిగా ఒక పద్ధతి ఉంది. తిరిగి పంపితే చాలు.

ఇదంతా నా కల్పనే. కానీ మళ్లీ పంపడం కల్పన కాదు. అదొక కుటీర పరిశ్రమ. డబ్బా పగలగొట్టు, ఇస్త్రీ చెయ్యి, మళ్లీ పంపు. ఇస్త్రీ అని వెటకారానికి అనడం లేదు, ప్రెస్సింగ్ అంటే అక్షరాలా అదే: కాస్త తేమ, కాస్త వేడి, బోలెడు బరువు. రంగు ఊడని మడతలూ సొట్టలూ చదునైపోతాయి. అట్ట మీద చుక్క రంగు అద్దితే అది రిపేరు కింద లెక్క, లేబుల్ ఊదారంగులోకి మారుతుంది, ధర నేల మీదికి దిగుతుంది. పుస్తకం మొత్తాన్ని వేడి పలకల మధ్య పెట్టి నొక్కితే మాత్రం రిపేరు కాదు, మామూలు నీలి లేబులే. ఈ విషయంలో సిద్ధాంత చర్చలు ఎన్నో జరిగాయి గానీ, ఈ రంగంలో పెద్ద కంపెనీ అయిన సీజీసీ ఆ నొక్కే సేవ కూడా తనే అమ్ముతోంది కాబట్టి చర్చ ఎటు తేలిందో ఊహించడానికి నిపుణులు అక్కర్లేదు.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. ఏ పుస్తకానికి ఏ గ్రేడులో ఎన్ని కాపీలున్నాయో చెప్పే జనాభా లెక్క ఒకటి కంపెనీ దగ్గర ఉంటుంది. కొనేవాళ్లు అది చూసి, ఓహో ఈ గ్రేడులో ఇన్నే ఉన్నాయి అని ధర కడతారు. డబ్బా పగలగొట్టినాయన పాత లేబుల్ని వెనక్కి పంపితే లెక్క సరిచేస్తారు. పంపకపోతే? పంపకపోతే 9.6 గారు లెక్కలో అలాగే ఉంటారు, 9.8 గారు కొత్తగా పుడతారు. ఒకే ప్రాణి, ఇద్దరు పౌరులు.

ఇక ఫీజులు. పుస్తకం ఖరీదు పెరిగేకొద్దీ ఫీజు పెరుగుతుంది. మార్కు పెరిగితే ఖరీదు పెరుగుతుంది. ఈ రెండు వాక్యాల్నీ కలపకుండా ఉండటమే మర్యాద.

నిజం చెప్పాలంటే ఈ కంపెనీలు లేని రోజులు రామరాజ్యం ఏమీ కాదు. సీజీసీ 2000లో మొదలయ్యే ముందు, అమ్మేవాడు చెప్పిందే వేదం. వాడి దగ్గరున్న ప్రతి పుస్తకమూ కొత్తదానిలాగే ఉండేది, పోస్టులో మన చేతికొచ్చేలోపే అది వయసు మళ్లేది. రంగులు పూసి, చిరుగులకి కాగితం అతికించి, అంచులు కోసి చెప్పకుండా అమ్మిన పుస్తకాలకి లెక్కే లేదు. మధ్యలో ఎటువైపూ కానివాడు ఒకడుండి చూసి చెప్పడం మంచి ఆలోచన. ఆ నమ్మకం మీదే తర్వాత అంతంత డబ్బు చేతులు మారింది. 1938లో పది సెంట్లకి అమ్మిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో 9.0 కాపీ 2014లో 32 లక్షల డాలర్లకి పోయింది. 8.5 కాపీ 2024లో 60 లక్షలకి. 1962 నాటి 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచిక, స్పైడర్‌మ్యాన్ మొదట కనిపించింది, 9.6 కాపీ 2021లో 36 లక్షలు. ఇంత డబ్బు పెట్టి కొన్నదాన్ని కొన్నవాళ్లు తెరిచి చూడరు. చూడకూడదు. తెరిస్తే మార్కు పోతుంది. పుస్తకం కొనుక్కుని చదవలేకపోవడం కొంతమందికి అలవాటే గానీ, చదివితే ఆస్తి కరిగిపోయే పుస్తకం మాత్రం ఇదొక్కటే.

తెరిచి చూడలేం అన్న ఈ ఒక్క ముక్క మీదే మొత్తం వ్యాపారం నిలబడింది. అక్కడే దొంగ కూడా నిలబడ్డాడు.

2023 చివర్లో సీజీసీలో బయటపడిన వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. డబ్బాకి గీతలు పడితేనో పగుళ్లొస్తేనో కొత్త డబ్బాలోకి మార్చే సేవ ఒకటుంది, రీహోల్డరింగ్ అంటారు. మళ్లీ గ్రేడింగ్ ఉండదు, పాత మార్కే కొత్త డబ్బాలోకి వస్తుంది. దొంగకి ఇంకేం కావాలి? ఎక్కువ మార్కున్న డబ్బాని పైకి తెలియకుండా తెరిచి, మంచి పుస్తకం తీసేసి, అదే సంచికలో నాసిరకం కాపీ లోపల పెట్టి, డబ్బా మార్చండి మహాప్రభో అని పంపాడు. కంపెనీ మార్చింది. సరికొత్త డబ్బా, సరికొత్త సీలు, పాత 9.8. బయటికి తీసిన మంచి పుస్తకాన్ని విడిగా గ్రేడింగ్‌కి పంపితే దానికీ మంచి మార్కే. ఒక మార్కు పెట్టి రెండు మార్కులు.

పట్టుకున్నది ఎవరు? కామిక్స్ సేకరించేవాళ్లు. పాత అమ్మకాల ఫొటోలు, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, ఈ మూల మడత అందులో లేదే, ఈ మరక ఎక్కణ్ణుంచి వచ్చింది అని రాత్రుళ్లు కూర్చుని చూసిన మామూలు మనుషులు. జీతం లేదు, భూతద్దం లేదు, డబ్బా తెరిచే వీలు లేదు, ప్లాస్టిక్ మీద వెలుతురు పడి మెరిసే ఫొటో చూసి కనిపెట్టారు. పుస్తకాన్ని చేతుల్లో పట్టుకుని డబ్బా మార్చినవాళ్లకి కనపడలేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ కుక్కలు కూడా కాదు మొరిగింది, ఇంట్లోవాళ్లు లేచి కుక్కని లేపారు. 2024 జనవరిలో కంపెనీ అనుమానం ఉన్న సుమారు 350 పుస్తకాల నంబర్ల జాబితా బయటపెట్టింది, తర్వాత కోర్టుకి వెళ్లింది.

దొంగని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. దొంగ దొంగే. కానీ కంపెనీవారూ, వెంట్రుకలో సగం గీత కోసం 9.8ని 9.6 చేసే కళ్లు ఆ రోజు ఎక్కడికి పోయాయి? ఎవడో జీవితమంతా కూడబెట్టి ఒక 9.8 కొనుక్కున్నాడు. వాడు పుస్తకాన్ని చూసి కొనలేదు, చూడనివ్వరు కదా, మీ సీలు చూసి కొన్నాడు. ఆ సీలు వేసేటప్పుడు లోపలున్నది లేబుల్ మీద రాసినదేనా అని అర నిమిషం చూడటానికి మీకు తీరిక లేదు. గ్రేడ్ చేసినప్పుడే ఫొటో తీసి పెట్టుకుని, డబ్బా మార్చేటప్పుడు పోల్చుకోవాలని ఎవరైనా చెప్పాలా? చిన్న పార్సిల్ తెచ్చే కుర్రాడు కూడా గుమ్మం దగ్గర ఫొటో తీసుకుంటాడు. సీలు అన్న మాటకి డబ్బు తీసుకున్నారు, చూడకుండా సీలు వేశారు, నమ్మినవాణ్ణి జాబితాలో తన నంబరు వెతుక్కోమన్నారు. ఇది పొరపాటు కాదు, బద్ధకం, ఫీజు పుచ్చుకుని మరీ చేసిన బద్ధకం. దీన్ని అభిప్రాయభేదం అనడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే అభిప్రాయం ఉండాలంటే ముందు కళ్లు తెరిచి చూడాలి.

సరే, ఇంత జరిగాక నమ్మకం ఎలా వస్తుంది అని బెంగ అక్కర్లేదు, మార్కెట్ దానికీ మందు కనిపెట్టే ఉంచింది. గ్రేడ్ అయిన పుస్తకాన్ని చూసి, అవును, ఈ 9.8 నిజంగానే మంచి 9.8 అని డబ్బా మీద స్టిక్కర్ అంటించే వేరే వ్యాపారం ఎప్పట్నుంచో ఉంది. దానికీ ఫీజుంది. స్టిక్కరున్న 9.8కి స్టిక్కర్ లేని 9.8 కన్నా ఎక్కువ అడుగుతారు, స్టిక్కర్ లేనివాళ్లు మాదేం పాపం అని తలలు పట్టుకుంటారు. స్టిక్కర్ అంటించేవాళ్లు డబ్బా తెరవరు, తెరిస్తే మార్కు పోతుంది కదా. బయట నుంచే చూస్తారు. ఉదాహరణకి 1974 నాటి 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181వ సంచిక, వుల్వరిన్ అనే హీరో పూర్తి స్థాయిలో మొదటిసారి కనిపించింది, అందులో పాఠకుల ఉత్తరాల పేజీలో ఒక చిన్న స్టాంపు బొమ్మ అచ్చేశారు, ఆ రోజుల్లో పిల్లలు కత్తెరలు తెచ్చుకుని దాన్ని కోసుకున్నారు, అది లేని కాపీ ధర కుప్పకూలుతుంది. అట్ట ఎంత తళతళలాడినా సరే. డబ్బాలో పుస్తకాన్ని దొంగ మార్చేశాక ఆ స్టాంపు లోపల ఉందో లేదో కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికి తెలియదు, మెరిసే స్టిక్కర్ అంటించినాయనకి అంతకన్నా తెలియదు. తెలిసే అవకాశం ఉన్న ఒకే ఒక్క మనిషి డబ్బా మార్చే బల్ల దగ్గర కూర్చుని ఉండేవాడు, అతనికి మాత్రం పేజీలు తిప్పే పని అప్పజెప్పలేదు.