ఖాళీ అనగానేమి?

నగర ప్రణాళికా విభాగం వారు ఈమధ్య ఒక ప్రకటన జారీ చేశారు. రాబోయే ఇరవై ఏళ్లలో నగరానికి కావలసిన ఇళ్లకూ, దుకాణాలకూ, కార్యాలయాలకూ, పరిశ్రమలకూ అనువైన స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పౌరులే ప్రతిపాదించవచ్చునట. ప్రతిపాదించే స్థలం మనది కానక్కరలేదు. పటం మీద ఎర్రగీతతో హద్దు గీసి, దరఖాస్తు నింపి, గడువులోగా అందజేస్తే చాలు. ఇంగ్లండులోని పాలక మండళ్లు ఇటువంటి పిలుపులు ఎన్నో ఏళ్లుగా ఇస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతి స్థలాన్నీ అనువైనదా, అందుబాటులో ఉన్నదా, సాధ్యమయ్యేదా అని మూడు జల్లెళ్లలో జల్లించి జాబితాలో చేరుస్తాయి. జాబితాలో చేరినంత మాత్రాన కట్టడానికి అనుమతి వచ్చినట్టు కాదని కింద చిన్న అక్షరాలలో రాస్తాయి కూడా. ఎదుటివాడి స్థలం మీద గీత గీసే భాగ్యం ఇంతకాలం కొద్దిమంది పెద్దమనుషులకే దక్కుతూ వచ్చింది కనుక, దానిని సామాన్యులకు కూడా పంచిపెట్టిన ఈ ఔదార్యాన్ని ముందుగా అభినందించి, ఆ తరువాత దరఖాస్తులోని ఏడవ కాలమ్ గురించి కొంత మాట్లాడదలచుకున్నాను.

ఏడవ కాలమ్ పేరు 'స్థలం యొక్క ప్రస్తుత వినియోగం'. దాని ఎదురుగా నాలుగు గడులున్నాయి: నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, ఖాళీ. అంతే. చెరువుకు గడి లేదు. ఆటస్థలానికి గడి లేదు. శ్మశానానికి లేదు, సంతకు లేదు, ముప్పై ఏళ్లుగా ఒకే మర్రిచెట్టు కింద చెప్పులు కుట్టే మనిషికి అసలే లేదు. వీటిలో దేని మీద ఎర్రగీత గీసినా, నిజాయితీపరుడైన దరఖాస్తుదారు నాలుగో గడిలోనే టిక్కు పెట్టాలి. పెట్టిన మరుక్షణం ఆ చెరువు ఖాళీ అయిపోతుంది. ఇంత చౌకగా, ఇంత వేగంగా చెరువును ఎండగట్టే యంత్రం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదని నా నమ్మకం.

ఖాళీ అంటే ఏమీ లేనిది అని మనం చిన్నప్పుడు నేర్చుకున్నాం. అది పామరుల అర్థం. ప్రణాళికా శాస్త్రంలో ఖాళీ అంటే, అందులో ఉన్నవాళ్లు కార్యాలయానికి వచ్చి గొడవ చేయలేనిది. నీరు వినతిపత్రం ఇవ్వదు. కప్పకు ఓటు లేదు. గోళీలాడే పిల్లలకు ఓటు రావడానికి ఇంకా ఎనిమిదేళ్లు పడుతుంది, ఆ లోపు అక్కడ ఎనిమిది అంతస్తులు లేస్తాయి. ఉపగ్రహ చిత్రంలో పైకప్పు కనిపించని ప్రతి చోటూ ఖాళీయే అనుకుంటే సముద్రం కంటే విలువైన రియల్ ఎస్టేట్ ఉండదు గదా అని అడగాలనిపించింది గానీ, అడిగితే దాని మీద కూడా గీత గీస్తారేమోనని ఊరుకున్నాను.

ఈ నిర్వచనానికి చరిత్ర అంతటా సాక్ష్యాలున్నాయి. మద్రాసులో లాంగ్ ట్యాంక్ అనే పొడవాటి చెరువు ఉండేది. 1920లలో దానిని ఎండగట్టి త్యాగరాయ నగర్ వేశారు. చెరువు పోయినా పశ్చిమ మాంబళంలో 'లేక్ వ్యూ రోడ్డు' మాత్రం మిగిలింది. చూపించడానికి సరస్సు లేని ఆ రోడ్డు దశాబ్దాల పాటు అబద్ధమాడుతూ బతికి, 2015 డిసెంబరు వరదల్లో ఒక్కసారి నిజం చెప్పింది. బెంగళూరులో ధర్మాంబుధి చెరువు గర్భంలో మెజెస్టిక్ బస్ స్టాండు ఉంది, సంపంగి చెరువు గర్భంలో కంఠీరవ స్టేడియం ఉంది. మెక్సికో నగరమైతే ఏకంగా టెక్స్‌కోకో సరస్సునే పరుపుగా వేసుకుని పడుకుంది. అడుగున ఉన్న బంకమట్టి నుంచి నీటిని తోడేస్తూ వచ్చిన కొద్దీ కొన్ని ప్రాంతాలు ఏటా 40 సెంటీమీటర్లకు పైగా కుంగుతున్నాయి. 1910లో అక్కడ నిలబెట్టిన స్వాతంత్ర్య స్తంభం మాత్రం పునాది గట్టిది కావడంతో కుంగలేదు. చుట్టూ ఉన్న వీధే దిగిపోయింది. స్తంభాన్ని చేరుకోవడానికి తరువాత 14 మెట్లు అదనంగా కట్టవలసి వచ్చింది. ఇన్ని మెట్లు కట్టిన తరువాత కూడా అదే సరస్సు అడుగున కొత్త విమానాశ్రయం కట్టవచ్చునని ప్రతిపాదించి, పనులు మొదలుపెట్టి, 2018లో ప్రజాభిప్రాయం అడిగాక ఆపేశారు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ప్రణాళికా విభాగానికి కూడా పల్లమెక్కడో బాగా తెలుసు, అక్కడ భూమి చవక కనుక.

సరే, పౌరధర్మం కనుక నేను కూడా ఒక దరఖాస్తు నింపాను. స్థలం కోసం ఎక్కువ దూరం వెతకలేదు. ప్రకటన జారీ చేసిన కార్యాలయపు ప్రాంగణమే మూడున్నర ఎకరాలు ఉంటుంది. ముందు పచ్చిక, దాని మధ్యలో ఒక ఫౌంటెన్ తొట్టి, ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం, వెనుక కార్లకు షెడ్లు. ఎదురుగానే బస్ స్టాపు ఉంది, మంచినీటి గొట్టం ఉంది, మురుగు కాలువ ఉంది, రోడ్డు వెడల్పు ఉంది. దరఖాస్తు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇంత చక్కని జవాబులున్న స్థలం నగరంలో మరొకటి లేదు. సాయంత్రం ఆరు తరువాత అక్కడ కావలివాడు తప్ప ఎవరూ ఉండరు కాబట్టి ఏడవ కాలమ్‌లో మనస్సాక్షికి విరుద్ధం కాకుండా 'ఖాళీ' అని టిక్కు పెట్టాను.

ఇప్పుడు దాని మీద క్షేత్రస్థాయి పరిశీలన జరగాలి. నివేదికలు చదివి చదివి ఆ భాష నాకు వంటబట్టింది కనుక అది ఎలా జరుగుతుందో ఇక్కడినుంచే చెప్పగలను. సంఘంలో అధ్యక్షుడు, పర్యావరణ సలహాదారు, రవాణా నిపుణుడు, ఒక సర్వేయరు, అందరి వెనుక ఫైలు మోసే ఒక గుమాస్తా ఉంటారు. కార్యాలయపు మెట్ల నుంచి ఫౌంటెన్ దాకా ఉన్న అరవై అడుగుల దూరాన్ని వారు రెండు కార్లలో అధిగమిస్తారు. దిగగానే పర్యావరణ సలహాదారు తొట్టిలోకి వంగి చూసి, అందులో అడుగున్నర లోతు ఆకుపచ్చటి నీరు, ఒక ప్లాస్టిక్ సీసా, రెండు కప్పలు ఉన్నట్టు నమోదు చేస్తారు. కప్పలున్నచోట జీవవైవిధ్యం ఉన్నట్టే. కాబట్టి తొట్టి జలవనరు. జలవనరు చుట్టూ ముప్పై మీటర్ల మేర ఏ కట్టడమూ కూడదు. సర్వేయరు టేపు పట్టుకుని ముప్పై మీటర్లు కొలుస్తూ పోగా, టేపు చివర సరిగ్గా అధ్యక్షుల వారి గదిలో, వారి బల్ల కింద తేలుతుంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. గుమాస్తా మెల్లగా, "అయ్యా, గది ముందు కట్టారో తొట్టి ముందు కట్టారో రికార్డులో లేదండీ," అంటాడు. గదిని క్రమబద్ధీకరించి తొట్టిని పరిరక్షించాలని అక్కడికక్కడే తీర్మానమవుతుంది.

పచ్చిక వంతు వస్తుంది. అది నగరానికి ఊపిరితిత్తి. ఊపిరితిత్తి కింద నీళ్ల పైపు పగిలి వారమైంది కాబట్టి అది మరీ పచ్చగా ఉంటుంది. రవాణా నిపుణుడు గేటు దగ్గర నిలబడి, ఇక్కడ రెండువందల కుటుంబాలు కాపురముంటే రోడ్డు మీద రద్దీ భరించరానిదిగా మారుతుందని ఆవేదన చెందుతుండగా, ఆయన కారు దారి ఇవ్వలేదని వెనుక పదకొండు కార్లు హారన్లు మోగిస్తుంటాయి. శిలాఫలకం వారసత్వ సంపద. షెడ్లు అత్యవసర సేవలకు సంబంధించినవి. ఆఖరి పేరాలో, స్థలం అత్యంత సున్నితమైనది, తిరస్కరించడమైనది అని రాసి అందరూ సంతకాలు చేస్తారు.

మధ్యాహ్నం భోజనాల తరువాత అదే సంఘం, అవే కార్లలో, ఊరి చివర అరవై ఎకరాల చెరువు కట్ట మీదికి వెళుతుంది. కట్ట ఉంది, తూము ఉంది, అలుగు ఉంది, అవతలి ఒడ్డున కొంగలున్నాయి. కారు అద్దం దించకుండానే పరిశీలన పూర్తవుతుంది. నివేదికలో ఒకటే వాక్యం: 'వర్షాకాలంలో తాత్కాలికంగా నీరు నిలిచే పల్లపు భూమి, మట్టి పోసి మెరక చేసినచో అనువైనది.' పొద్దున రెండు కప్పలకు కన్నీరు పెట్టిన సలహాదారు సంతకం ఇక్కడ కూడా ఉంటుంది.

నేను వెటకారానికి అతిశయోక్తి చేస్తున్నాననుకునేవారు హాంకాంగ్ వైపు ఒకసారి చూడండి. రెండు లక్షల మందికి పైగా మనుషులు ఒక్కో ఫ్లాటును అడ్డుగోడలతో ముక్కలు చేసిన అరల్లో బతుకుతున్న నగరం అది. 2018లో అక్కడి ప్రభుత్వం స్థలాల కొరత తీర్చడానికి 18 మార్గాలు జనం ముందు పెట్టి, ఏవి ఎంచుకుంటారో చెప్పండని ఐదు నెలల పాటు అడిగింది. ఫాన్‌లింగ్ గోల్ఫ్ మైదానం అందులో ఒకటి. దాని విస్తీర్ణం 172 హెక్టార్లు. అప్పటిదాకా ఎవరికీ గుర్తురాని పాత చెట్లూ, పర్యావరణమూ, వారసత్వమూ ఒక్కసారిగా ఆ మైదానంలో మొలిచాయి. వాదోపవాదాలన్నీ అయ్యాక 172లో 32 హెక్టార్లు ప్రభుత్వం చేతికి రావడానికి 2023 సెప్టెంబరు దాకా పట్టింది. చెట్లు నిజమైనవే, వాటిని కాపాడాలన్న వాదనతో నాకు పేచీ లేదు. ఆ వాదన గుడిసెల మధ్య చెట్టుకు ఎన్నడూ ఎందుకు దొరకదన్నదే నా ప్రశ్న. పద్దెనిమిది గుంతలున్న మైదానం ఏ పటంలోనూ ఖాళీ కాదు. పద్దెనిమిది వందల గుడిసెలున్న వాడ మాత్రం ఖాళీ. అదేమిటంటే, ఇంకా కాకపోయినా చేయించవచ్చు.

ఇక్కడే మన భాష ఒక నిజాన్ని దాచకుండా చెప్పేస్తుంది. మనం ఇల్లు 'ఖాళీ చేయించడం' అంటాం. నగరంలో ఖాళీ స్థలాలు దొరకవు, చేయిస్తారు. న్యూయార్కులో ఇవాళ ఆపెరా అనే సంగీత నాటకాలు పాడుతున్న లింకన్ సెంటర్ కళామందిరాల స్థలంలో 1950లలో ఏడు వేలకు పైగా కుటుంబాలుండేవి. అది మురికివాడ అని ముద్ర వేశారు, ఖాళీ చేయించారు, పాలరాయి పరిచారు. ఆ కుటుంబాలకు ఆపెరా టికెట్లు ఇచ్చారో లేదో నాకు తెలియదు గాని, ఇళ్లు మాత్రం అక్కడ ఇవ్వలేదు.

పేదవాడికి స్థలం ప్రతిపాదించేటప్పుడు మాత్రం ఈ మేధావులందరికీ అకస్మాత్తుగా ఉదారత పుట్టుకొస్తుంది. ఎవరికీ వద్దన్నదంతా అతనికే. చెత్త పోసిన గుంత అతనికి, హైటెన్షన్ తీగల కింద పట్టీ అతనికి, ఆఖరి బస్సు ఆగిపోయిన తరువాత ఇంకా నాలుగు మైళ్లున్న గుట్ట అతనికి. పొద్దున్నే ఐదింటికి మూడు ఇళ్లలో పాచిపనికి వెళ్లవలసిన మనిషికి ఆ గుట్ట మీద రెండు గదులిచ్చి, తాళంచెవి చేతిలో పెడుతూ ఫోటో దిగి, ఆమె పని పోయిందని తెలిశాక 'ఇల్లు ఇచ్చినా అమ్ముకుని వచ్చేశారు, వీళ్లింతే' అని నవ్వేవాళ్లను చూస్తే నాకు వ్యంగ్యం నోట రాదు, బూతు వస్తుంది. వియన్నా నగరం 1930 నాటికే హైలిగెన్‌స్టాట్ రైల్వే స్టేషను ఎదుట కిలోమీటరు పొడవున కార్ల్ మార్క్స్ హోఫ్ అనే భవనం కట్టి, 1,382 ఇళ్లు కార్మికులకిచ్చింది. లోపల బట్టలుతికే శాలలు, పిల్లల బడులు, తోటలు కూడా పెట్టింది. స్టేషను ఎదుట స్థలం కార్మికుడికెందుకని వాళ్లకు తోచలేదు. సిగ్గున్నవాడికి తోచదు.

అమెరికాలో నయాగరా జలపాతం పక్కన అదే పేరున్న ఊళ్లో ఒక రసాయన సంస్థ పాత కాలువ గుంతలో ఇరవై వేల టన్నులకు పైగా వ్యర్థాలు పూడ్చి, పైన మట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు అక్కడి పాఠశాలల బోర్డుకు అమ్మింది. ఏమైనా జరిగితే మా బాధ్యత లేదని దస్తావేజులో ముందే రాయించుకుంది. అంటే రాసినవాడికి తెలుసు. కొన్నవాళ్లకూ తెలుసు. లవ్ కెనాల్ అనే ఆ స్థలం మీద బడి కట్టారు, చుట్టూ ఇళ్లు కట్టారు, నేలమాళిగల్లోకి విషం ఊరుతోందని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటే వినలేదు. 1978లో దేశాధ్యక్షుడే అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. బడి మూశారు, కుటుంబాలను తరలించారు. పటంలో ఏనాడో టిక్కు పెట్టినట్టుగా ఆ స్థలం చివరికి నిజంగానే ఖాళీ అయింది. స్థలం అనువైనదా, అందుబాటులో ఉన్నదా, సాధ్యమయ్యేదా? మూడింటికీ అవుననే రాసి ఉంటారు. ఒక్క డాలరు గదా, అందుబాటులోనే ఉంది మరి.

నా దరఖాస్తు అందినట్టు రసీదు ఇచ్చారు. అందులో నా పేరు తప్పుగా ఉంది, విస్తీర్ణం మూడున్నర ఎకరాలకు బదులు మూడున్నర గజాలని ఉంది. సరిచేయమని అడిగితే, తప్పొప్పుల సవరణకు వేరే దరఖాస్తు ఉందన్నారు. అది ఏ బల్ల దగ్గర దొరుకుతుందో అడిగాను. ఆ బల్ల ఖాళీగా ఉంది.

వస్తూ వస్తూ చెరువు వైపు వెళ్లాను. నీరు తగ్గిన ఒడ్డున నేల బీటలు వారి ఉంది. సర్వేయరు మనుషులు ఎర్రరంగు పూసిన కర్రమేకును సుత్తితో నేలలోకి దింపుతున్నారు. పక్కనే పది పన్నెండు మంది పిల్లలు బ్యాటు భుజాన వేసుకుని ఆ పని అయ్యేదాకా ఓపికగా నిలబడ్డారు. మేకు దిగగానే వాళ్లలో చిన్నవాడు దగ్గరికి వెళ్లి, దాని ఎత్తు తన మోకాలితో సరిచూసుకుని, "అన్నా, దీని పక్కనే ఇంకో రెండు పాతవా? వికెట్లు తక్కువయ్యాయి," అని అడిగాడు.